ఆడవాళ్లకు కసరత్తు ఎందుకు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్లలోనూ ఇప్పుడు జిమ్ములు ఉన్నాయి. జిమ్ము అంటే కసరత్తు చేసే చోటు. పాత రోజుల్లో తాలింఖానాలు ఉండేవి. అక్కడ మగవాళ్లు దండీలు, బస్కీలు తీసేవారు. ఆడవాళ్లు అటువైపు పోయేవారు కాదు.

ఇప్పుడు ఆడవాళ్లు కూడా జిమ్ముకు వెళ్తున్నారు. అయినా చాలామంది ఒక మాట అంటారు.

"పొద్దుగాల లేస్తే పనే. నీళ్లు మొయ్యాలె. నాట్లు వెయ్యాలె. మాకు వేరే కసరత్తు ఎందుకు?"

అడగవలసిన మాటే ఇది. నాటు వేసే ఆడమనిషి పొద్దంతా వంగే ఉంటుంది. ఒకే తీరుగా వంగితే నడుము అలిసిపోతుంది. బలం పెద్దగా పెరగదు. ఇంట్లో బరువులు కూడా మనిషి కోరినట్టు రావు. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు ఉంటుంది. అందులో గ్యాస్ 14 కిలోలే, మిగతాది ఇనుము. బియ్యం బస్తా 25 కిలోలు. "ఈ వారం సగం బస్తా లేపుతా, వచ్చే నెల నిండు బస్తా లేపుతా" అంటే కుదురుతుందా? కసరత్తులో కుదురుతుంది. ఎంత బరువు ఎత్తాలో, ఎప్పుడు ఆపాలో ఎత్తే మనిషే చూసుకోవచ్చు. పనికీ కసరత్తుకూ ఉన్న తేడా ఇదే.

ముప్పై ఏళ్లు దాటాక ఒంట్లో కండ కొద్దికొద్దిగా తరుగుతుంది. ముట్టు ఆగిపోయాక ఎముకలు గుల్లబారతాయి. అప్పుడు బాత్‌రూంలో జారి పడినా తుంటి ఎముక విరగవచ్చు. 2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనే ఎక్కువ అని అందులో తేలింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు ఇంకా తొందరగా గుల్లబారతాయి. బరువులు ఎత్తే కసరత్తు కండను పెంచుతుంది. ఎముకకు కూడా గట్టిదనం ఇస్తుంది. అందుకే పెద్దవాళ్లందరూ వారానికి కనీసం 2 రోజులు కండలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

"బరువులు ఎత్తితే ఆడది మగవాడిలా తయారవుతుంది" అని కొందరు భయపెడతారు. అది ఉత్తమాట. మగవాళ్ల ఒంట్లో కండను పెంచే రసం ఆడవాళ్ల ఒంట్లో చాలా తక్కువ. రెండు కిలోల బరువు ఎత్తినంత మాత్రాన ఎవరికీ పహిల్వాన్ ఒళ్లు రాదు.

బరువులు ఎత్తి దేశానికి పేరు తెచ్చిన తెలుగు ఆడబిడ్డ ఉన్నారు. ఆమె కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లాలో పెరిగారు. చిన్న వయసులోనే బరువులు ఎత్తడం నేర్చుకున్నారు. 2000లో సిడ్నీలో ఒలింపిక్ పోటీలు జరిగాయి. ఆడవాళ్ల బరువుల పోటీ ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదలు. మల్లీశ్వరి ఒక పద్ధతిలో 110 కిలోలు, ఇంకో పద్ధతిలో 130 కిలోలు ఎత్తారు. 130 కిలోలు అంటే ఐదు బియ్యం బస్తాలు, పైన ఇంకో 5 కిలోలు! ఆమెకు కంచు పతకం వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమే. ఆమె కూడా మొదటి రోజే 130 కిలోలు ఎత్తలేదు.

కొత్తగా చేరేవాళ్లు జిమ్ములో ముందు కొన్ని సంగతులు అడగాలి. ఆడవాళ్లకు వేరే సమయం ఉందా? నేర్పే ఆడమనిషి ఉన్నారా? డబ్బు నెలకా, ఏడాదికా? నచ్చుతుందో లేదో తెలియక ముందే ఏడాది డబ్బు కట్టడం తెలివైన పని కాదు.

మొదటి వారం ఉత్త చేతులతో చేసినా చాలు. కుర్చీ మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవాలి. గోడకు రెండు చేతులూ ఆనించి, ఒంటిని ముందుకు వెనక్కు తేవాలి. కింద ఉన్న బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచాలి, వీపు నిటారుగా ఉంచాలి. బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి. బస్తా లేపేటప్పుడు కూడా ఇదే పద్ధతి. లేపేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబట్టవద్దు.

తర్వాత చిన్న బరువు పట్టుకోవాలి. ఒక్కో కసరత్తు 8 సార్లు చేసి, కాసేపు ఆగి, మళ్లీ 8 సార్లు చేయాలి. కొన్నాళ్లకు 12 సార్లు తేలికగా చేయగలిగితే ఒక కిలో పెంచవచ్చు. మరునాడు ఆ కండలకు సెలవు. తిండి తిని నిద్రపోతేనే కండ పెరుగుతుంది. పప్పు, గుడ్డు, పాలు, పల్లీలు తింటే మంచిది. జిమ్ములో పౌడరు డబ్బా కొనమంటారు. కొత్తవాళ్లకు దాని అవసరం లేదు.

మొదట్లో రెండు మూడు రోజులు ఒళ్లు నొస్తుంది. దానికి భయం లేదు. కీలులో పోటు వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు, గర్భసంచి జారినవాళ్లు ముందు డాక్టరును అడగాలి. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకున్నవాళ్లు కూడా అడగాలి. కొద్దిగా నడిస్తేనే ఆయాసం వచ్చేవాళ్లు రక్తపరీక్ష చేయించుకోవాలి. దేశంలో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉంది.

జిమ్ముకు పోలేనివాళ్లకు నీళ్ల సీసాలు ఉన్నాయి. లీటరు సీసా నిండా నీళ్లు పోస్తే ఒక కిలో బరువు. రెండు సీసాలు సంచిలో పెడితే రెండు కిలోలు.

ఎక్కడ చేసినా ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోవాలి. చేసిన రోజే ఇలా రాయాలి:

సోమవారం – 2 కిలోలు – 8 సార్లు.
గురువారం – 2 కిలోలు – 9 సార్లు.

జ్వరం వచ్చి వారం మానేస్తే, మళ్లీ ఒక కిలోతో మొదలుపెట్టి, అది కూడా రాసుకోవాలి.