సాయంత్రం ఆరు దాటితే కరెంటు ఎవరికి ప్రియం? ఎందుకు?

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పెద్ద బట్టల మాల్, దాని వెనక సందులో టైలరింగ్ షాపు అనుకోండి. రాత్రి ఎనిమిదింటికి రెండు చోట్లా ఏసీ నడుస్తోంది. ఆ వేళ కాల్చే ప్రతి యూనిట్‌కూ మాల్ యజమాని ఒక రూపాయి అదనంగా కడతాడు, టైలరు పైసా కూడా ఎక్కువ కట్టడు. ఇదెక్కడి న్యాయం?

తేడా మీటర్లో ఉంది. మాల్‌ది 11 కేవీ లైను నుంచి సొంత ట్రాన్స్‌ఫార్మర్‌తో తీసుకున్న హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్. ఏ గంటలో ఎంత వాడారో దాని మీటరు రాసి పెడుతుంది. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ ప్రకారం ఇలాంటి వాళ్లకు ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 గంటల మధ్య యూనిట్‌కు రూపాయి ఎక్కువ. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మాత్రం తగ్గింపు. 2024 అక్టోబర్ ఆర్డర్‌లో ఆ తగ్గింపును రూపాయి నుంచి రూపాయిన్నరకు పెంచారు. టైలరుది ఎల్‌టీ (లో టెన్షన్) మీటరు. అది చూపేది నెల మొత్తం ఒక్కటే.

వేళను బట్టి రేటు మార్చే హక్కు మండలికి ఎక్కడిది? 2003 విద్యుత్ చట్టం 62వ సెక్షన్‌లోనే ఉంది. ఒక వినియోగదారుడికి అనవసరంగా పక్షపాతం చూపకూడదంటూనే, సరఫరా ఏ సమయంలో కావాలన్న దాన్నిబట్టి రేట్లు వేరుగా పెట్టవచ్చని చెబుతుంది.

అసలు సాయంత్రం మీదే కోపం ఎందుకు? పొద్దు గూకగానే సోలార్ పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, షాపుల్లో రద్దీ మొదలవుతాయి. కరెంటు చాలకపోతే పంపిణీ సంస్థ (డిస్కమ్) పవర్ ఎక్స్ఛేంజీలో కొనాలి. అక్కడ గిరాకీ ఉన్న వేళల్లో యూనిట్ ధర పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకవచ్చు.

మాల్ యజమానికి ఇంకో కత్తెర కూడా ఉంది. హెచ్‌టీ బిల్లులో డిమాండ్ చార్జీ అని వేరే వస్తుంది. నెలంతటిలో ఏ అరగంటలో వాడకం అత్యధికంగా ఉందో ఆ లెక్కనో, ఒప్పుకున్న డిమాండ్‌లో 80 శాతమో, ఏది ఎక్కువైతే దానిమీద వేస్తారు. పండగ ముందు శనివారం ఏసీలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు అన్నీ ఒక్కసారే నడిస్తే ఆ అరగంటే నెల బిల్లును మోస్తుంది. జనరేటరును ఎప్పుడు వేయాలో, చిల్లర్‌ను ఏ వేళకు తగ్గించాలో తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను మాల్స్ వదులుకోవు.

రేటుతో పని జరగకపోతే? చట్టం 23వ సెక్షన్ కింద వాడకాన్నే నియంత్రించే ఆదేశాలు ఇవ్వొచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 సెప్టెంబర్‌లో అప్పటి విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) అదే చేసింది. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, సాయంత్రం పీక్ గంటల్లో వాడకంపై ఆంక్షలు వచ్చాయి. పరిశ్రమలు నడిపిన వాళ్లకు ఆ రోజులు ఇంకా గుర్తే.

ఇప్పుడు మరో మలుపు. 2023 జూన్‌లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. ఎండ ఉండే ఎనిమిది గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా ఉండాలి. పీక్‌లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు కనీసం 1.2 రెట్లు, మిగతావాళ్లకు 1.1 రెట్లు ఉండాలి. వ్యవసాయానికి మినహాయింపు. పది కిలోవాట్లు దాటిన షాపులకు 2024 ఏప్రిల్ నుంచి, ఇళ్లకు 2025 ఏప్రిల్ నుంచి అన్నారు.

మన రాష్ట్ర టారిఫ్ మాత్రం తగ్గింపును రాత్రి పూటే ఇస్తోంది. బొగ్గు ప్లాంట్లు రాత్రి ఊరికే తిరిగే రోజుల లెక్క అది. మధ్యాహ్నం సోలార్ దండిగా ఉన్నప్పుడు పని జరుపుకున్న మాల్‌కు దక్కేదేమీ లేదు. నా దృష్టిలో ఇది పాత గడియారం. పైగా ఎల్‌బీనగర్ రింగ్ రోడ్డు పక్కన పెద్ద ప్రైవేటు ఆసుపత్రికీ పీక్‌లో అదే రూపాయి. ఐసీయూను రాత్రి పదింటికి వాయిదా వేయలేరు కదా.

ఇక ఇళ్లు. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం 200 యూనిట్లు ఉచితం అంటుందే గానీ, ఏ వేళ వాడారని అడగదు. వాషింగ్ మెషిన్ మధ్యాహ్నం వేసినా, రాత్రి ఏడింటికి వేసినా బిల్లు ఒకటే. స్మార్ట్ మీటర్ వస్తే ఈ లెక్క మారవచ్చు.

మారేముందు మాట వినిపించే వీలుంది. టారిఫ్ ప్రతిపాదనను బహిరంగపరచి, జనం అభ్యంతరాలను పరిశీలించాకే మండలి ఆర్డర్ ఇవ్వాలని 64వ సెక్షన్ చెబుతోంది. ఈసారి నోటీసు రాగానే, పగటిపూట తగ్గింపు కావాలని మీ వ్యాపారుల సంఘం తరఫున రాసి పంపండి.