సమన్యాయంతో దిగబడే జీపు

దివిసీమ నుంచి ఒక రైతు పాఠకుడు రాసిన ఉత్తరం వల్ల ఈ నెల రాయాలనుకున్న వ్యాసం పక్కకు పోయింది. ఆయన అడిగింది ఇది: “మా అల్లుడు ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాడు. వానల్లో చేలోకి తెస్తూ గట్టు దగ్గర పంటకాలువలో దిగబడ్డాడు. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గిర్రున తిరుగుతున్నాయి. మిగతా రెండూ గట్టి నేల మీదే ఉన్నాయి గానీ అంగుళం కదల్లేదు. నాలుగు చక్రాలూ లాగుతాయనే కదా అంత డబ్బు పోసింది? చివరికి నా ట్రాక్టరు కట్టి లాగాం. నా ట్రాక్టరుకు మడమ దగ్గర లాక్ పెడల్ ఉంది. అంత ఖరీదైన జీపుకు అదెందుకు లేదు?”

ఇలాంటి ఉత్తరం చేతిలో పడ్డాక ఇంకో విషయం రాయడం నా వల్ల కాదు. ఆయన అడిగిన వాటన్నిటికీ జవాబు ఒకే చోట ఉంది. ఇరుసు మధ్యలో, పొట్ట ఉబ్బినట్టు కనిపించే ఇనుప డబ్బాలో. దాని పేరు డిఫరెన్షియల్.

అది ఎందుకు ఉండాలో త్వరగా చెప్పేస్తాను. బండి మలుపు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం నడవాలి. ఎంత ఎక్కువ? రెండు చక్రాల మధ్య దూరం మీటరున్నర అనుకుంటే, సరిగ్గా లంబకోణం తిరిగే మలుపులో తేడా 2.36 మీటర్లు. సందు మలుపైనా, హైవే మీద విశాలమైన వంపైనా ఈ లెక్క మారదు. మలుపు వ్యాసార్థంతో దానికి పనే లేదు. 75 సెంటీమీటర్ల వ్యాసమున్న టైరు ఒక చుట్టు తిరిగితే నడిచేదీ 2.36 మీటర్లే. అంటే అలాంటి ప్రతి మలుపు దగ్గరా బయటి చక్రం ఒక చుట్టు అదనంగా తిరగాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగించేస్తే ఆ ఒక్క చుట్టూ టైరును రోడ్డు మీద ఈడ్చాల్సిందే. ఈ బాధ తప్పించే గేర్ల అమరికకు 1820ల చివర్లో పారిస్‌లో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల పనివాడు తన ఆవిరి బండి కోసం పేటెంట్ తీసుకున్నాడు. 1877లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జేమ్స్ స్టార్లీ దాన్ని తొక్కుడు బండికి పెట్టాడు. కారుకు అది తర్వాత చేరింది.

ఇక నాకు ఇష్టమైన చోటికి వద్దాం. డబ్బా మూత తీస్తే ముందు కనిపించేది పెద్ద పళ్ల చక్రం, క్రౌన్ వీల్. ఇంజన్ నుంచి వచ్చే షాఫ్టు దాన్ని తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కు బిగించిన గూడులో ఒక అడ్డ పిన్ను, ఆ పిన్ను మీద చిన్న స్పైడర్ గేర్లు ఉంటాయి. వాటికి అటొకటీ ఇటొకటీ సైడ్ గేర్లు. ఎడమ సైడ్ గేర్ ఎడమ చక్రానిది, కుడిది కుడి చక్రానిది. స్పైడర్ గేర్ రెండింటినీ ఒకేసారి తాకుతుంది. తిన్నగా పోతున్నప్పుడు అది తన పిన్ను మీద అసలు తిరగదు, గూడుతోపాటు కలిసి ప్రదక్షిణ చేస్తుంది. మలుపులో మాత్రం మెల్లగా దొర్లుతూ, లోపలి చక్రం నుంచి ఎన్ని చుట్లు తగ్గిస్తే బయటి చక్రానికి సరిగ్గా అన్నే కలుపుతుంది. రెండు చక్రాల వేగాల సగటు ఎప్పుడూ క్రౌన్ వీల్ వేగమే. క్రౌన్ వీల్ నిమిషానికి 100 చుట్లు తిరుగుతూ ఒక చక్రం ఆగిపోతే రెండోది 200 చుట్లు తిరగాల్సిందే. షెడ్డులో రెండు వెనక చక్రాలూ జాకీ మీద లేపి, బండిని గేర్లో ఉంచి, ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పి చూడండి. రెండోది వెనక్కి తిరుగుతుంది. క్రౌన్ వీల్ సున్నా, సగటు సున్నా!

ఇంతవరకూ వేగాల సంగతి. అసలు కీలకం బలాల సంగతిలో ఉంది, చాలామంది తప్పులో కాలేసేదీ అక్కడే. ఎద్దుల బండి కాడిని తలచుకోండి. కాడి మధ్యలో నొగకు వేసిన కట్టు వదులైతే, ఒక ఎద్దు చతికిలబడినప్పుడు రెండోది ఎంత బలమైనదైనా బండి కదలదు. దాని కొస మాత్రం ముందుకు పోయి కాడి అడ్డం తిరుగుతుంది. మధ్యలో స్వేచ్ఛగా తిరిగే కడ్డీ నిలవాలంటే రెండు కొసల మీదా బలం సమానంగా ఉండాలి. స్పైడర్ గేర్ అచ్చం ఆ కాడే. పిన్ను దాన్ని మధ్యలో తోస్తుంది, దాని రెండు అంచులూ రెండు సైడ్ గేర్లను తోస్తాయి. ఒక అంచున ఎదురు తగలకపోతే రెండో అంచు కూడా తోయలేదు, ఊరికే దొర్లుతుంది. గేర్ల రాపిడి వల్ల కొద్దిగా తేడా వస్తే రావచ్చు గానీ, చక్రాలు ఏ వేగంతో తిరుగుతున్నా వాటికి చేరే టార్క్, అంటే తిప్పే బలం, చెరి సగమే.

మెకానిక్‌లూ, వీడియోలు చేసేవాళ్లూ, కొన్ని పాఠ్యపుస్తకాలూ ఏం చెబుతాయి? “బలం నీళ్లలాంటిది, తేలికైన దారి చూసుకుని జారే చక్రానికే పోతుంది” అంటాయి. వినడానికి బాగుంటుంది, నిజం కాదు. జారే చక్రానికి బలం ఎక్కువేమీ పోదు. గట్టి నేల మీదున్న చక్రానికి ఎంతో దానికీ అంతే. చిక్కల్లా ఆ ‘అంతే’ చాలా తక్కువ కావడం. గట్టి చక్రం ఆగి ఉంది కాబట్టి ఇంజన్ చేసే పనంతా తిరిగే చక్రం దగ్గర ఖర్చవుతోంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ పని వేరు, తోపు వేరు. వ్యాపార ప్రకటనలది ఇంకో వింత. రెండు చక్రాలనూ కలిపి బిగించే లాక్ వేస్తే అది బలాన్ని చెరి సగం పంచుతుందని రాస్తారు. సరిగ్గా తలకిందులు! చెరి సగం పంచేది లాక్ లేని డిఫరెన్షియల్. లాక్ సమానం చేసేది వేగాన్ని.

డిఫరెన్షియల్ విషయంలో మహా పండితులే పొరబడ్డారు. గ్రీసు దగ్గర సముద్రంలో మునిగిన ఓడ నుంచి 1901లో పైకి తీసిన యాంటికిథెరా అనే ఖగోళ యంత్రంలో డిఫరెన్షియల్ ఉందని చరిత్రకారుడు డెరెక్ డి సొల్లా ప్రైస్ 1974లో ప్రకటించాడు. రెండు వేల ఏళ్ల కిందటి యంత్రంలో! మైకేల్ రైట్ అనే పరిశోధకుడు అది కుదరదని వాదించాడు. ఎక్స్‌రే చిత్రాలతో 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన, ప్రైస్ చెప్పిన చోట ఉన్న గేర్లు వేరే పనికోసమని తేల్చింది. చంద్రుడి నడకలోని హెచ్చుతగ్గులను చూపడానికి ఒక పిన్నూ గాడీ పెట్టారట. నా లెక్కలో అది డిఫరెన్షియల్ కన్నా తెలివైన పనే.

మళ్లీ బురదలోకి. బురదలో పడ్డ చక్రం 150 న్యూటన్ మీటర్ల టార్క్‌కే జారిపోతుందనుకోండి. గట్టి నేల మీదున్నది 1,500 దాకా తట్టుకోగలదు. మామూలు డిఫరెన్షియల్ రెండింటికీ 150 చొప్పున ఇచ్చి, మొత్తం 300 దగ్గర చేతులెత్తేస్తుంది. ఇంజన్‌కు ఎంత సత్తా ఉన్నా ఆనించే చోటు లేకపోతే ఏం చేస్తుంది? శబ్దం చేస్తుంది. అదే రెండు చక్రాలనూ కలిపి బిగిస్తే 150కి 1,500 తోడై 1,650 వస్తుంది. అంటే అయిదున్నర రెట్లు, అదే ఇంజన్‌తో.

ఇప్పుడు అల్లుడి జీపు. ఫోర్ వీల్ లివర్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ ఒకే వేగానికి కట్టేస్తుంది. కానీ ఒక్కో ఇరుసు లోపల డిఫరెన్షియల్ తన సమన్యాయం తాను చేస్తూనే ఉంటుంది. కాలువను ఏటవాలుగా దాటితే ఎదురెదురు మూలల్లో రెండు చక్రాలు బరువు కోల్పోయి తేలిపోతాయి. ముందొకటి, వెనకొకటి జారాయి, కథ ముగిసింది. వెనక ఇరుసుకు లాక్ ఉంటే వెనక రెండూ, ముందు ఒకటీ జారితే తప్ప ఆగదు. రెండు ఇరుసులకూ ఉంటే నాలుగూ జారాలి. ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగే బండ్లలో మధ్యన మూడో డిఫరెన్షియల్ ఉంటుంది. దానికి లాక్ లేకపోతే ఒక్క చక్రం జారినా చాలు. అందుకే 1970 నాటి రేంజ్ రోవర్‌లోనే మధ్యదానికి లాక్ పెట్టారు. మెర్సిడెస్ జీ క్లాస్‌లో మూడింటికీ మూడు స్విచ్‌లు.

లాక్ ఎలా పడుతుంది? ట్రాక్టరులో మడమతో పెడల్ నొక్కితే పళ్లున్న కాలరు జరిగి సైడ్ గేర్‌ను గూడుకు కలిపేస్తుంది. ఇక స్పైడర్ గేర్ దొర్లలేదు. ఇంత సాదా పరికరం ఇంకోటి లేదు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో వెనక ఇరుసుకు ఇచ్చిన మెకానికల్ లాక్ తనంతట తానే పడుతుంది. రెండు చక్రాల వేగాల్లో తేడా సుమారు నిమిషానికి 100 చుట్లు దాటగానే లోపలి చిన్న బరువులు విసురుకు బయటికొచ్చి కొక్కేన్ని పట్టుకుంటాయి, బిళ్లలు బిగుసుకుంటాయి. బండి వేగం సుమారు గంటకు 30 కిలోమీటర్లు దాటితే పట్టుకోనివ్వకుండా మరో ఏర్పాటు. ముచ్చటైన పని. కాకపోతే చక్రం కాస్త తిరిగితేనే లాక్ పడుతుంది. చక్రం జారిందని బెదిరి యాక్సిలరేటర్ వదిలేసేవారికి అది ఎన్నటికీ పడదు. 2024 నాటి థార్ రాక్స్ ఫోర్ వీల్ బండిలో బటన్ పెట్టారు. ఫోర్స్ గూర్ఖాలో ముందుకూ వెనక్కూ లాక్‌లున్నాయి. నా ఓటు మనిషి చేతిలో ఉండే లాక్‌కే. బురద వస్తోందని కన్ను ముందే చూస్తుంది, బరువులకు జారాక గానీ తెలియదు.

లాక్ లేని బండ్లు బ్రేకుతో సరిపెట్టుకుంటాయి, మారుతి జిమ్నీ లాగా. తిరిగిపోయే చక్రానికి కంప్యూటరు బ్రేకు వేస్తుంది. పైన చెప్పిన సమన్యాయాన్ని దాని మీదకే తిప్పడం ఇది. ఆ చక్రం దగ్గర బ్రేకు వల్ల 600 ఎదురు పుట్టిందంటే రెండో చక్రానికీ 600 అదనంగా ఇవ్వక తప్పదు. ట్రాక్టరులో కుడికీ ఎడమకూ విడివిడి బ్రేకులున్న రైతులు, తిరిగే చక్రం వైపు బ్రేకు తొక్కి ఈ పని కంప్యూటరు లేకుండానే చేస్తున్నారు. ఎక్కువసేపు చేస్తే బ్రేకులు వేడెక్కుతాయి, అదొక్కటే తంటా. ఇంకో దారి టోర్సెన్. 1958లో అమెరికాలో వెర్నన్ గ్లీజ్‌మన్ పేటెంట్ పొందిన ఈ గేర్లు, జారే చక్రానికి అందేదానికి రెండు మూడు రెట్లు గట్టి చక్రానికి ఇవ్వగలవు. చక్రం గాల్లో ఉంటే మాత్రం సున్నాకు మూడు రెట్లూ సున్నానే.

ఇక జీపులన్నిటికీ లాక్ ఎందుకు పెట్టరు? ఖరీదు ఒకటి. రెండోది, లాక్ పడితే బండి తిరగనంటుంది. ముందు ఇరుసుకు వేస్తే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. పైగా ఇంజన్ బలమంతా ఒక్క యాక్సిల్ షాఫ్టు మీద పడే సందర్భం వస్తుంది. ఇంజన్ 300 న్యూటన్ మీటర్లిస్తే, లో రేంజిలో గేర్లు దాన్ని 40 రెట్లు చేశాయనుకుంటే, 12,000! పట్టు దొరికిన గట్టి రాతి మీద షాఫ్టు విరగడానికి అది చాలు.

నిజం చెప్పాలంటే మన నగరాల్లో అమ్ముడయ్యే ఇలాంటి బండ్లలో చాలావాటికి స్పీడ్ బ్రేకరును మించిన గండం రాదు. నిజంగా చేలకో అడవి దారికో వెళ్లేవారు మాత్రం లాక్‌ను బురదలోకి దిగకముందే, చక్రాలు నిలిచి ఉన్నప్పుడే వేయండి. తిన్నగా నడిపి, గట్టి నేల తగలగానే తీసేయండి. లాక్‌తో తారు రోడ్డెక్కకండి. దాని కన్నా ముందు టైర్లలో గాలి కొంత తగ్గించి చూడండి. దిగబడిన బండ్లలో సగం అంతటితోనే బయటపడతాయని నా నమ్మకం. గాలి తీయడానికి రూపాయి ఖర్చుండదు గానీ, మళ్లీ నింపడానికి బండిలో ఒక పంపు ఉంచుకోండి.