మాత్ర చిన్నది, లెక్క పెద్దది

క్యాన్సర్ చికిత్సలో స్టెరాయిడ్లు ప్రాణం నిలుపుతాయి. ఆదమరిస్తే అవే ప్రాణం మీదికి తెస్తాయి. ఊరూరా ఆస్పత్రులు తిరిగే భిలాయ్ తెలుగు కుటుంబాలకు ఈ లెక్క తెలిసి ఉండటం మరీ అవసరం.

ఈ కథ భిలాయ్ సెక్టార్లలోని ఏ తెలుగు ఇంటిదైనా కావచ్చు. ఇంటి పెద్ద ఉక్కు కర్మాగారం రైల్ మిల్లులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. మెడ దగ్గర గడ్డ కనిపిస్తే పరీక్ష చేయించారు. లింఫోమా అని తేలింది. మొదటి కీమో ఎక్కించి ఇంటికి పంపుతూ ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇచ్చారు. రోజుకు 100 మిల్లీగ్రాముల చొప్పున అయిదు రోజులు వేసుకోవాలి. మొదటి రెండు రోజులూ ఇంట్లో పండగే. నెల రోజులుగా కంచం ముందు నుంచి లేచిపోతున్న మనిషి మారు వడ్డించమన్నాడు. మూడో నాడు రాత్రి రెండింటికి లేచి బీరువా సర్దడం మొదలుపెట్టాడు. నాలుగో నాడు విపరీతమైన దాహం, గంటకోసారి మూత్రం.

పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషి కదా అని కొడుకు రోజూ పరగడుపున గ్లూకోమీటర్‌తో చూస్తూనే ఉన్నాడు. ఏనాడూ 130 దాటలేదు. అనుమానం వచ్చి సాయంత్రం నాలుగింటికి చూస్తే 420 ఉంది.

పొద్దుటి అంకెకూ సాయంత్రం అంకెకూ మధ్యనున్న ఆ తేడా తెలియకే చాలామంది దెబ్బతింటారు. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ ప్రభావం రక్తంలో చక్కెర మీద మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా గట్టిగా కనిపిస్తుంది. రాత్రికి తగ్గుముఖం పడుతుంది. తెల్లవారేసరికి అంకె మామూలుగానే ఉంటుంది. అందుకే స్టెరాయిడ్ వాడుతున్నవారికి పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు. మధ్యాహ్న భోజనం అయిన రెండు గంటలకో, రాత్రి భోజనానికి ముందో చూడాలి. అంతకుముందు షుగర్ లేనివారిలోనూ ఈ మందుతో అది కొత్తగా బయటపడవచ్చు.

ఇంతకీ ఎందుకిస్తారు?

స్టెరాయిడ్ అనగానే జిమ్ముల్లో కండలు పెంచే మందు గుర్తొస్తుంది. అది వేరు, ఇది వేరు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారు చేస్తాయి. క్యాన్సర్ రోగులకిచ్చే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ దాని నమూనాలో తయారైనవే. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 1948లో కీళ్లవాతంతో మంచాన పడిన ఓ మహిళకు కార్టిసోన్ ఇచ్చి లేపి నడిపించడంతో ఈ మందుల యుగం మొదలైంది. 1950లో ఆయనకూ, మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది.

ఆ 1948 తెలుగువారికి మరో విధంగానూ గుర్తుండాలి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో తయారు చేయించిన అమినోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ పిల్లల్లో తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించింది ఆ ఏడాదే. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే. అమినోప్టెరిన్ తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో పక్కపక్కనే ఉన్నాయి.

క్యాన్సర్‌లో స్టెరాయిడ్ చేసే పనులు ఒకటి రెండు కావు. లుకేమియా, లింఫోమా, మైలోమాల్లో అది నేరుగా క్యాన్సర్ కణాలను చంపుతుంది. మైలోమాలో డెక్సామెథసోన్ వారానికోసారి 40 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. బాగా పెద్ద వయసు వారికి సగానికి తగ్గిస్తారు. మిగతా క్యాన్సర్లలో ఇది సహాయక మందు. కీమో వాంతులను అడ్డుకోవడానికి, పాక్లిటాక్సెల్ వంటి మందులకు ఒళ్లు ఎదురు తిరగకుండా ముందు జాగ్రత్తగా, మెదడులోని గడ్డ చుట్టూ చేరిన వాపు తగ్గించడానికి, వెన్నుపాము మీద గడ్డ ఒత్తిడి పడి కాళ్లు పడిపోయే ప్రమాదాన్ని తప్పించడానికి వాడతారు. మెదడు వాపుతో మాట తడబడుతున్న రోగి ఒకటి రెండు రోజుల్లోనే తేరుకుని ఇంట్లోవారిని పేరు పెట్టి పిలవడం ఈ మందు చలవే. ఇన్ని పనులు చేసే మాత్ర ధర చూస్తే చాలా చవక. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోవడమూ ఎక్కువే.

గ్రంథి పడుకుంటే...

బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. కొద్ది రోజుల వాడకంతో సాధారణంగా చిక్కు రాదు. మూడు నాలుగు వారాలు దాటితే మాత్రం అవి నిద్రపోతాయి. ఆ స్థితిలో మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే శరీరానికి అటు బయటి సరఫరా ఉండదు, ఇటు సొంత ఉత్పత్తీ ఉండదు. చల్లారిన బ్లాస్ట్ ఫర్నేస్‌ను మళ్లీ దారికి తేవడం ఒక్క షిఫ్టులో అయ్యే పని కాదని భిలాయ్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ గ్రంథులదీ అదే తీరు. తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఆపేయాలని రోగికి ఎందుకనిపిస్తుంది? అద్దం చూసుకుంటే చాలు. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. మెడ వెనక కొవ్వు చేరుతుంది. పొట్ట పెరుగుతుంది, చేతులూ కాళ్లూ సన్నబడతాయి. పలకరించడానికి వచ్చినవారు ఒళ్లు చేశావే, జబ్బు తగ్గినట్టేనా అని అడుగుతారు. మెదడులో గడ్డకు రేడియేషన్ చేయించుకుని డెక్సామెథసోన్ మీదున్న ఇల్లాలు ఈ మాటలు పడలేక ఓ రోజు మాత్రలు పక్కన పెట్టేస్తుంది. లేదంటే పెళ్లికని విశాఖ బయల్దేరిన హడావిడిలో మందుల సంచీ ఇంట్లోనే ఉండిపోతుంది. రెండు మూడు రోజులకు నిలబడలేనంత నీరసం, వాంతులు, కళ్లు తిరగడం, పడిపోయిన బీపీ. జబ్బు ముదిరిందని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. అక్కడ కావాల్సింది హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్. అత్యవసర విభాగంలోని డాక్టర్‌కు స్టెరాయిడ్ సంగతి చెప్పేవారు పక్కన ఉండాలి.

కాబట్టి వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను మెట్లు దిగినట్టు తగ్గించాలి. ఏ మెట్టు మీద ఎన్నాళ్లుండాలో చికిత్స చేసే డాక్టరే చెప్పాలి. వాంతుల వల్ల మాత్ర కడుపులో నిలవకపోతే అది కూడా మందు ఆపేసినట్టే లెక్క.

కొలతలోనూ పొరపాట్లు జరుగుతాయి. డెక్సామెథసోన్ అర మిల్లీగ్రాము మాత్రా ఉంది, నాలుగు మిల్లీగ్రాముల మాత్రా ఉంది. చూడటానికి రెండూ చిన్నవే. నాలుగు మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ దాదాపు 26 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. మన శరీరం రోజంతా తయారు చేసుకునే కార్టిసాల్‌కు అది అయిదు రెట్లకు పైనే. మందుల షాపులో ఒకటి లేదంటే ఇంకోటి ఇచ్చి పంపితే ఏం జరుగుతుందో ఈ అంకెలే చెబుతాయి.

కనిపించేవి, కనిపించనివి

చక్కెర తర్వాత ఎక్కువమందిని వేధించేది నిద్ర. మాత్ర పొద్దున టిఫిన్ తిన్న వెంటనే వేసుకుంటే కొంత నయం. రోజుకు రెండుసార్లు రాసిస్తే రెండోది మధ్యాహ్నం దాటకుండా చూడవచ్చేమో డాక్టర్‌ను అడగాలి. పగలంతా డ్యూటీ చేసి వచ్చిన కొడుకు రాత్రి తొమ్మిదింటికి తండ్రికి గుర్తుగా మాత్ర వేయించాడంటే ఆ రాత్రి ఇద్దరికీ జాగారమే.

మనసు మీద ప్రభావం ఇంకా లోతైనది. కొందరికి పట్టలేని ఉత్సాహం, కొందరికి కారణం లేని కోపం, ఏడుపు. లేనిది ఉన్నట్టు అనుమానించడం, భ్రమపడటం కూడా అరుదుగా జరుగుతుంది. ఇది మనిషి గుణం కాదు, మందు గుణం. రక్త క్యాన్సర్‌కు నాలుగు వారాలు స్టెరాయిడ్ వాడే పిల్లలు అర్ధరాత్రి లేచి అన్నం అడుగుతారు, ఇవ్వకపోతే గోల చేస్తారు. కొట్టి లాభం లేదు. కోర్సు ముగిశాక మామూలవుతారు.

తొడ కండరాలు సన్నబడటాన్ని చాలామంది నీరసమని సరిపెట్టుకుంటారు. గొంతుక్కూర్చుని లేవలేకపోవడం, రైలు మెట్టెక్కడానికి చేయి అందించాల్సి రావడం దాని తొలి గుర్తులు. నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి. అందుకే కాల్షియం, విటమిన్ డి ఇస్తారు. తుంటి ఎముకకు రక్త సరఫరా తగ్గి అది దెబ్బతినే ప్రమాదమూ ఉంది. లుకేమియా చికిత్స పొందిన పదేళ్లు పైబడిన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. గజ్జల్లోనో మోకాలిలోనో నొప్పి అంటూ కుంటుతుంటే ఆటల దెబ్బ అనుకోకుండా ఎముకల డాక్టర్‌కు చూపించాలి. కంటిలో శుక్లాలు, కడుపులో మంట, నాలుక మీద తెల్లటి పూత, వదలని ఎక్కిళ్లు కూడా ఈ జాబితాలోవే.

అన్నింటికన్నా భయపడాల్సింది ఇన్‌ఫెక్షన్‌కు. కీమో తెల్ల రక్తకణాలను తగ్గిస్తే స్టెరాయిడ్ మిగిలిన రక్షణను మందగింపజేస్తుంది. పైగా జ్వరాన్ని కప్పిపెడుతుంది. థర్మామీటర్ 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తే పొద్దున్న దాకా ఆగకూడదు. జ్వరం లేకపోయినా వణుకు, ఆయాసం, మగత ఉంటే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. నిద్రాణంగా ఉన్న క్షయ, హెపటైటిస్ బి తిరగబెట్టవచ్చు గనుక పాత చరిత్ర ముందే చెప్పాలి. చక్కెర అదుపు తప్పినవారిలో స్టెరాయిడ్ ఎంత చేటు చేయగలదో 2021 కోవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్ రూపంలో దేశమంతా చూసింది. అంతకు ఏడాది ముందు, 2020 జూన్‌లో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను ఇదే డెక్సామెథసోన్ మూడో వంతు తగ్గించిందని బ్రిటన్ పరిశోధన తేల్చింది. మందు ఒకటే. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నదే తేడా.

ఛత్తీస్‌గఢ్‌లో ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. ఆ వ్యాధి ఉన్నవారిలో స్టెరాయిడ్ తీవ్రమైన నొప్పుల దాడికి దారితీయవచ్చు. తుంటి ఎముకను సికిల్ సెల్ కూడా సొంతంగా దెబ్బతీస్తుంది. అందుకే ఇంట్లో ఎవరికైనా ఆ వ్యాధి ఉంటే కీమోకు ముందే డాక్టర్‌కు చెప్పాలి.

ఆస్పత్రులు నాలుగు, ఫైలు ఒకటే

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో వెలిగింది. దాంతోపాటే ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి వీరికి ఇంటి ఆస్పత్రి లాంటిది. క్యాన్సర్ అనేసరికి దారులు చీలుతాయి. రాయపూర్‌లో అంబేద్కర్ ఆస్పత్రి, ఎయిమ్స్, నవా రాయపూర్‌లో 2018లో మొదలైన బాల్కో మెడికల్ సెంటర్ ఉన్నాయి. కొందరు ముంబై టాటా మెమోరియల్‌కు వెళతారు. బంధువులున్నారని కొందరు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో, హైదరాబాద్‌కో వెళతారు. 2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి విశాఖకు వందే భారత్ మొదలయ్యాక ఆ ప్రయాణం సుమారు ఎనిమిది గంటలకు తగ్గింది.

చిక్కల్లా ఇక్కడే. కీమో ఒక ఊళ్లో, రేడియేషన్ మరో ఊళ్లో, షుగర్ డాక్టర్ ఇంటి పక్కన. ఒకరు రాసిన స్టెరాయిడ్ ఇంకొకరికి తెలియదు. కీళ్లనొప్పులకు నాటు వైద్యుడు పొట్లం కట్టి ఇచ్చిన పొడిలోనూ స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. వేసుకున్న మర్నాడే నొప్పి మాయమైతే సంతోషించే ముందు సందేహించాలి.

మందు తగ్గించే దారులూ పెరుగుతున్నాయి. కొన్ని కీమోల్లో మూడు నాలుగు రోజుల డెక్సామెథసోన్‌కు బదులు మొదటి రోజుతో సరిపెట్టి, ఒలాంజపిన్ వంటి ఇతర మందులతో వాంతులు ఆపుతున్నారు. ఆ ఒలాంజపిన్‌ను 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 ఇచ్చినా వాంతులు అదుపులోనే ఉంటాయని, మగత తగ్గుతుందని టాటా మెమోరియల్ వైద్యులు 2024లో వెల్లడించారు. మరోవైపు కొత్తగా వచ్చిన ఇమ్యునోథెరపీ ఒంటి మీదే తిరగబడినప్పుడు దాన్ని అణచడానికి వారాల తరబడి పెద్ద మోతాదులో స్టెరాయిడే కావాలి. కనుక ఈ మందుతో పని ఇప్పట్లో తీరేది కాదు.

ఇంటివారు చేయగలిగింది ఒకటుంది. ఓ నూట తొంభై రెండు పేజీల నోట్‌బుక్. అందులో మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, మొదలుపెట్టిన తేదీ, తగ్గించాల్సిన తేదీలు, సాయంత్రం చక్కెర అంకె, బీపీ, జ్వరం. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘స్టెరాయిడ్ వాడుతున్నారు, ఒక్కసారిగా ఆపకూడదు’ అన్న మాట, తెలుగులోనూ హిందీలోనూ. ప్రయాణమైతే వారం మాత్రలు అదనంగా చేతి సంచీలో.

రైల్ మిల్లు రిటైర్డ్ ఉద్యోగి ఇంట్లో రెండో కీమోకు ముందే ఆ పుస్తకం మొదలైంది. కొడుకు సాయంత్రం అంకెలు రాసి చూపిస్తే డాక్టర్ ఆ అయిదు రోజులకు మాత్రం ఇన్సులిన్ కలిపారు. మాత్ర పొద్దుటికి మారింది. ముఖం వాపు అలాగే ఉంది. రాత్రి రెండింటికి బీరువా సర్దడం మాత్రం ఆగింది.