నివేదికలనుండి మూలరచనోద్ధరణము

మూలగ్రంథము నశించి వ్యాఖ్య మాత్రము నిలిచినపుడు, వ్యాఖ్యాత యుదాహరించిన ప్రతీకములనుండి మూలపాఠమును గొంతవఱకు నుద్ధరింపవచ్చును. కథాసంగ్రహము మాత్రమే నిలిచినచో మూలపదములు దొరకవు. కంప్యూటరు నివేదికలయందును నిట్టి భేదమే కలదు.

గ్రంథాలయముల పట్టికలు, పాఠశాలల మార్కుల పత్రములు మున్నగువానిని సిద్ధపఱచుటకు జాస్పర్ రిపోర్ట్స్ అను జావా సాధనము కలదు. దీనిని 2001లో టియొడోర్ డాంచూ ప్రారంభించెను. ఇందు నివేదికకు మూఁడు దశలు. మొదటిది రచన. ఏ సంగతి యెచట నుండవలెనో, దానిని భాండారమునుండి యే ప్రశ్నచే రప్పింపవలెనో, మొత్తముల నెట్లు గట్టవలెనో తెలుపు నెక్సెమ్మెల్ పాఠ మిది. దీని ఫైలునకు జె.ఆర్.ఎక్సెమ్మెల్ అని పేరు. రెండవది, యా రచనను గంపైలు చేయఁగా వచ్చు జాస్పర్ ఫైలు. మూఁడవది, సంగతులతో నిండిన పుటలు, ఇవి జె.ఆర్.ప్రింట్ ఫైలుగా నిలుచును. పీడీయెఫ్ వీనినుండియే పుట్టును.

రచన పోయి జాస్పర్ ఫైలు మిగిలినచో నుద్ధరణము సులభము. రచనాంగము లందు జావా వస్తురూపమున నుండును. జె.ఆర్.లోడర్ అను క్లాసు ఫైలును జదువును, జె.ఆర్.ఎక్సెమ్మెల్ రైటర్ అను క్లాసు దానిని మరల నెక్సెమ్మెల్ పాఠముగా వ్రాయును. రెండు మూఁడు పంక్తుల జావా చాలును. తెలుఁగు లిపి చెడకుండ యూటీయెఫ్-8 సంకేతమును బేర్కొనవలెను. ఏ వెర్షనుతోఁ గంపైలు చేసిరో దానినే వాడుట క్షేమము. లేనిచో వస్తురూపములు పొసఁగక పఠనము చెడవచ్చును. అపరిచితుల ఫైలు నిట్లు తెఱచుట యపాయకరము. ఉపనివేదికల ఫైళ్లను వేఱువేఱుగ నుద్ధరింపవలెను. రచయిత ప్రక్కన వ్రాసికొన్న వివరణలు మాత్రము తిరిగి రావు.

జె.ఆర్.ప్రింట్ గాని పీడీయెఫ్ గాని మాత్రమే మిగిలినచో స్థితి వేఱు. అక్షరములు, వాని స్థానములు దొరకును. ప్రశ్నయు లెక్కసూత్రములును దొరకవు. "మొత్తము 84 ప్రతులు" అని పుటలో నున్నదనుకొందము. కాలము తెలియని ప్రతులను జేర్చిరో, విడిచిరో యా సంఖ్య చెప్పదు. ఊహించి వ్రాసిన సూత్రము నేఁడు 84 అనియే చూపినను, క్రొత్త ప్రతులు చేరినపుడు తప్పు లెక్క నీయవచ్చును.

కావున జాస్పర్ ఫైలునుండి వచ్చినది యుద్ధృతపాఠము. నిండిన పుటలనుండి కట్టినది యూహాపాఠము. రెండవదానిపై నట్లని గుర్తు వ్రాసి యుంచుట పరిష్కర్త ధర్మము. జె.ఆర్.ఎక్సెమ్మెల్ ఫైలును జాస్పర్ ఫైలుతోఁ గలిపి భద్రపఱచువారి కీ శ్రమయే యుండదు.