ఆకలి కడుపుదా, మనసుదా?

ఎల్కానా భార్య హన్నాకు భోజనానికి కొదువ లేదు. షిలోహులో బలి అర్పించిన ప్రతిసారీ భర్త ఆమెకు రెండు పాళ్లు ఇచ్చేవాడు. అయినా ఆమెకు ముద్ద దిగేది కాదు. పిల్లలు లేరన్న దిగులు ఒకవైపు, సవతి పెనిన్నా దెప్పుళ్లు మరోవైపు. ఎందుకు తినవు, ఎందుకు ఏడుస్తావు, పదిమంది కొడుకులకన్నా నేను నీకు ఎక్కువ కానా అని ఎల్కానా బతిమాలాడు. అతని ప్రేమ నిజమైనదే. కానీ ఆమె బాధకు మందు భోజనంలో లేదు. హన్నా లేచి మందిరానికి వెళ్లి దేవుని ఎదుట గుండెలోని దుఃఖమంతా కుమ్మరించింది. ఆ తరువాత వెళ్లి భోజనం చేసింది. ఆమె ముఖంలో దిగులు పోయింది (1 సమూయేలు 1). అప్పటికింకా సమూయేలు కడుపున పడనేలేదన్న సంగతి మనం గమనించాలి. పరిస్థితి మారకముందే ఆమె మనసు తేలికపడింది. అన్నం మళ్లీ అన్నంలా రుచించింది.

దుఃఖంలో హన్నాలా తినలేనివారు కొందరైతే, దుఃఖంలో తినడం ఆపలేనివారు మరికొందరు. ఈ రెండో రకం వారి గురించి మన సంఘాల్లో మాట్లాడుకునేది చాలా తక్కువ. పిల్లలిద్దరూ విదేశాల్లో స్థిరపడగా ఖాళీ ఇంట్లో మిగిలిన తల్లి, ఉద్యోగ విరమణ తరువాత పొద్దుపోని తండ్రి, ఆఫీసులో చీవాట్లు తిని ఇంటికొచ్చి ఎవరికీ చెప్పుకోలేని యువకుడు, ఊరందరి బాధలూ విని తన బాధ చెప్పుకునే చోటు లేని పాస్టరమ్మ గారు... వీరు ఎక్కడో లేరు, మన పక్క కుర్చీల్లోనే ఉన్నారు. ఇల్లంతా నిద్రపోయాక మిక్చరు డబ్బా మూత తీసేది ఆకలితో కాదు. అది ఖాళీ అయ్యాక మిగిలేది తృప్తీ కాదు, సిగ్గు. ఆ సిగ్గును భరించలేక మళ్లీ తింటారు. దీన్నే నిపుణులు భావోద్వేగపు తిండి అంటారు.

కడుపు ఆకలికీ మనసు ఆకలికీ తేడా ఉంది. కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, పప్పన్నమైనా పెరుగన్నమైనా సరేనంటుంది, నిండాక ఆగుతుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి ముంచుకొస్తుంది, ఫలానా స్వీటే, ఫలానా చిప్సే కావాలంటుంది, కడుపు నిండినా ఆగదు. ఇందులో శరీరం పాత్ర కూడా ఉంది. ఒత్తిడి ఎక్కువ కాలం కొనసాగితే కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అది తీపి, కొవ్వు పదార్థాల మీదికి మనసును లాగుతుంది. నిద్ర చాలకపోయినా ఆకలి పెరుగుతుంది. కనుక ఇది కేవలం తిండిపోతుతనమని తీర్పు చెప్పేయడం న్యాయం కాదు.

అలాగని తేలిగ్గా తీసుకోవలసిన విషయమూ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 24 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. అదే ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. భారతీయులకు పొట్ట దగ్గర చేరే కొవ్వుతో ముప్పు ఎక్కువ. అందుకే నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని డాక్టర్లు చెబుతారు.

బరువు తగ్గాలనుకున్న చాలామంది మొదట చేసే పని కడుపు మాడ్చుకోవడం. సోమవారం నుంచి అన్నం బంద్, రాత్రి భోజనం బంద్ అని శపథం చేస్తారు. గురువారం దాకా గట్టిగా నిలుస్తారు. శుక్రవారం ఏదో ఒక మాట మనసుకు గుచ్చుకుంటుంది. అంతే, వారం రోజుల తిండి ఒక్కపూటలో తినేస్తారు. నాకు నిగ్రహం లేదు, నా విశ్వాసమే బలహీనమైనదని కుమిలిపోతారు. నిజానికి ఇది విశ్వాసానికి సంబంధించిన లోపం కాదు. ఆకలితో అలమటించే శరీరం అలాగే ప్రవర్తిస్తుంది.

దీనికి చరిత్రలో గట్టి నిదర్శనం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, ఐరోపాలో కరవుతో చిక్కిపోయిన వారిని తిరిగి ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. మనస్సాక్షి ఒప్పక ఆయుధం పట్టడానికి నిరాకరించినవారు వీరు. వారిలో చాలామంది క్వేకర్, బ్రెదరన్, మెన్నోనైట్ వంటి శాంతివాద సంఘాల విశ్వాసులు. మెన్నోనైట్ పేరు మన పాలమూరు ప్రాంత విశ్వాసులకు బాగా పరిచయమే. 1945లో ఆరు నెలలపాటు వారికి మామూలుగా తినేదానిలో దాదాపు సగమే పెట్టారు. శరీర బరువులో నాలుగో వంతు తగ్గారు. కానీ మనసులో జరిగింది అంతకన్నా పెద్ద మార్పు. పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివేవారు. చిరాకు, దిగులు పెరిగాయి. ప్రయోగం ముగిసి కావలసినంత పెట్టిన తరువాత కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. దేవునికి భయపడి, సాటి మనుషుల కోసం తమ శరీరాలనే అప్పగించిన యువకులు వీరు. వారి నిగ్రహాన్ని ఎవరు శంకించగలరు? కడుపు మాడిస్తే అంతటి వారికే తిండి విగ్రహమై కూర్చుందంటే, శపథాలతో బరువు తగ్గాలనుకునేవారు విఫలం కావడంలో వింతేముంది?

ఇక్కడే డైటీషియన్ అవసరం కనిపిస్తుంది. డైటీషియన్ అంటే ఒక చార్టు చేతిలో పెట్టి పంపించే మనిషి అనుకుంటాం. మంచి డైటీషియన్ ముందు వింటారు. ఎత్తు, బరువు, నడుము కొలుస్తారు. షుగరు, థైరాయిడ్ పరీక్షల కాగితాలు చూస్తారు. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఇన్సులిన్ కూడా బరువు పెంచవచ్చు కనుక వాడే మందులన్నీ అడుగుతారు. ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి పడుకుంటారు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఎంతమందికి చేస్తారు అని అడుగుతారు. తిన్న ప్రతిదీ రాసుకు రమ్మంటారు. దాని పక్కనే ఇంకో రెండు గడులు గీయమంటారు. అప్పుడు ఆకలి ఎంత ఉంది? తినే ముందు ఏం జరిగింది?

ఆ చిట్టాలో ఒక పేజీ ఇలా ఉండవచ్చు: రాత్రి పదకొండున్నర. మిక్చరు, రెండు మైసూర్‌పాక్‌లు. ఆకలి లేదు. అబ్బాయి ఫోను చేస్తానని చేయలేదు. రెండు వారాలు రాశాక ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది, ఆ మైసూర్‌పాక్ తీసుకెళ్లి పెట్టాలనుకున్నది కడుపులో కాదని.

తరువాత వారు చేసే పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. మొదట వేళకు తినమంటారు. పొద్దున టిఫిను మానేసి, మధ్యాహ్నం ఏదో అయిందనిపించిన వారికే రాత్రి మనసు ఆకలి ఎక్కువ తాకిడి చేస్తుంది. అన్నం మానెయ్యమనరు, కొలత మార్చమంటారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మన కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలి. మన ఇళ్లలో కంచం నిండా అన్నం ఉండి, కూర అంచున ఉంటుంది. దాన్ని తిరగేయడమే మొదటి పాఠం. గోంగూర పప్పు, పెసరట్టు, గుడ్డు, చేపల పులుసు, మజ్జిగ అన్నీ ఉండవచ్చు. నూనె, ఉప్పు, చక్కెర చూసి వాడాలి. ఆవకాయ వేసుకుంటే దానికి తగ్గట్టు అన్నం పెంచకూడదు, అంతే.

లక్ష్యం కూడా చిన్నదే పెడతారు. వారానికి అరకిలో తగ్గితే చాలు. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో 3,234 మంది పాల్గొన్నారు. వారిలో ఒక వర్గానికి శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక వంటి వ్యాయామం చేయడం లక్ష్యంగా పెట్టి, పక్కనుండి నేర్పించారు. వారిలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతం అంటే ఆరు కిలోల లోపే! సన్నజాజిలా మారనక్కరలేదు, ఆరోగ్యం దక్కితే చాలు.

ఇక మనసు ఆకలి వచ్చిన క్షణంలో ఏం చేయాలి? వద్దు వద్దు అని పోరాడితే అది పెరుగుతుంది. పది నిమిషాలు ఆగి చూడమంటారు డైటీషియన్లు. ఆ పది నిమిషాల్లో మంచినీళ్లు తాగవచ్చు, వీధి చివరి దాకా నడవవచ్చు, నమ్మకమైన ఒక మనిషికి ఫోను చేయవచ్చు. విశ్వాసులమైన మనకు ఇంకో దారి ఉంది, హన్నా దారి. ఏలీ చూసి మత్తులో ఉందనుకునేంతగా ఆమె దేవుని ముందు మనసు విప్పింది. అందమైన మాటల ప్రార్థన అక్కరలేదు. ప్రభువా, నాకు ఆకలి లేదు, ఒంటరిగా ఉంది అని చెప్పుకున్నా అది ప్రార్థనే. అప్పటికీ తినాలనిపిస్తే కొద్దిగా ప్లేటులో పెట్టుకుని, కూర్చుని, దీపం వెలుగులో తినాలి. చాటుగా నిలబడి తినకూడదు. మళ్లీ జారితే మరుసటి పూట మామూలుగా తినాలి కానీ శిక్షగా పస్తుండకూడదు.

కొందరికి ఇంత మాత్రం చాలదు. తక్కువ సమయంలో ఆపుకోలేనంతగా తినడం వారానికి ఒకసారైనా జరుగుతూ నెలల తరబడి కొనసాగితే అది వైద్యం అవసరమైన రుగ్మత. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. అలాంటప్పుడు డైటీషియనే కౌన్సెలర్ దగ్గరికో మానసిక వైద్యుని దగ్గరికో పంపుతారు. వెళ్లడం అవిశ్వాసం కాదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు కూడా 2025లో మన దేశానికి వచ్చాయి. కొందరికి అవి డాక్టరు పర్యవేక్షణలో ఉపయోగపడతాయి. కానీ ఫోను చేయని కొడుకు కోసం పడే బెంగకు ఇంజెక్షను లేదు కదా!

ఉపవాసం గురించి ఒక మాట. శ్రమకాల దినాల్లోనూ శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లోనూ, పనిలో పనిగా నాలుగు కిలోలు తగ్గుదామనుకునేవారున్నారు. దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవారికి మన ఆహారం పంచడమని యెషయా 58వ అధ్యాయం బోధిస్తుంది. అది దేవుని కోసం చేసేది, తూకం కోసం కాదు. దానియేలు పేరిట డైటింగు చేసేవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. పది దినాలు శాకధాన్యాలు తిన్న ఆ నలుగురు యువకులు చిక్కిపోలేదు, మిగతావారికన్నా పుష్టిగా కనిపించారు (దానియేలు 1:15). మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

సంఘంగా మన వంతు కూడా ఉంది. ఆరాధన ముగిసి బయటికి వస్తుండగా "ఏంటి సిస్టర్, బాగా ఒళ్లు చేశారు!" అన్న పలకరింపు ప్రేమతో అన్నదే కావచ్చు. కానీ ఆ సిస్టర్ ఆ మాటను ఇంటికి మోసుకెళ్లి రాత్రి మిక్చరు డబ్బా దగ్గర కూర్చుంటుంది. వచ్చే ఆదివారం రాకపోవచ్చు కూడా. ఒంటి గురించి కాక, ఎలా ఉన్నారని అడిగి, జవాబు వినేదాకా నిలబడదాం. ప్రేమవిందులో బిర్యానీ పక్కన కూరగాయలకూ పండ్లకూ చోటిద్దాం. ఇంకొంచెం, నా మీద ఒట్టు అని బలవంతపు వడ్డన మానుకుందాం. స్త్రీల సమాజంలో ఏడాదికి ఒకసారైనా ఒక డైటీషియన్‌ను పిలిపించి మాట్లాడిద్దాం. సాయంకాలం ఇద్దరు ముగ్గురు కలిసి ప్రార్థించుకుంటూ నడిస్తే ఒంటికీ మంచిది, ఒంటరితనానికీ మందు.

యెజెబెలు బెదిరింపులకు పారిపోయి, బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ పెట్టాడు. నీకిక్కడ ఏం పని అన్న ప్రశ్న హోరేబు కొండ చేరాకే వచ్చింది (1 రాజులు 19). వేళకు అన్నం, చాలినంత నిద్ర, ఆ తరువాత మనసులో మాట వినడం. డైటీషియన్ గదిలో జరిగేదీ ఇంచుమించు ఇదే వరుస. కృంగినవారిని దేవుడు ఎంత మృదువుగా చూశాడో మనం మన దేహాలనూ, మన పక్కవారి దేహాలనూ అంత మృదువుగా చూద్దాం. మనసు ఆకలితో నలిగిపోతున్నవారు ఈ వారమే ఒక డైటీషియన్‌ను కలవడానికి సమయం తీసుకోవాలి. ఒంటరిగా వెళ్లడానికి సిగ్గుపడితే, తోడు వెళ్లే మనిషి సంఘంలో ఒక్కరైనా ఉండాలి.