నేలసంపెంగ తోట ఎందుకు పూత తగ్గుతుంది?



లిల్లీ అని మనం పిలుచుకొనే నేలసంపెంగ వేసిన మొదటి ఏడు కాడలు నిటారుగా, పూలు బరువుగా వస్తాయి. మూడో ఏడు దాటేసరికి దుబ్బులు గుబురుగానే ఉంటాయి గాని, కాడలు సన్నగిల్లుతాయి, పూలు పలచబడతాయి. నేలలో సారం పోయిందనుకొని కొందరు ఎరువు మీద ఎరువు వేస్తారు. చేతి డబ్బు పోతుందే గాని పూత పెరగదు. అసలు చిక్కు దుంపల దగ్గర ఉన్నది.

ఇది మెక్సికో దేశం నుంచి వచ్చిన మొక్క. దీని దుంప ఒక్కసారే పూస్తుంది. అరటి సంగతి మీకు తెలిసిందే గదా! గెల వేసిన చెట్టు మళ్ళీ గెల వేయదు. పక్కనున్న పిలక అందుకొంటుంది. ఇదీ అంతే. పూసిన దుంప చుట్టూ పిల్లదుంపలు పుట్టి, బలిసినవి బలిసినట్లు వంతులవారీగా కాడలు వేస్తాయి. అందుకే తోట నెలల తరబడి పూస్తున్నట్లుంటుంది.

అయితే పిల్లదుంప పూతకు రావాలంటే 2 నుండి 3 సెంటీమీటర్ల లావెక్కాలి. గోళీకాయంత దుంప ఆకులు వేసి ఊరుకుంటుంది. ఏళ్ళ తరబడి కదపని దుబ్బులో దుంపలు కిక్కిరిసి, ఒకదాని తిండి ఒకటి లాగుకొని, ఏదీ బలియదు.

కావున మూడేళ్ళకొకసారి దుబ్బులు తవ్వవలెను. ఆకులు పసుపుబారగానే నీరు ఆపండి. నేల ఆరాక తవ్వి, మన్ను దులిపి, దుంపలు విడదీసి నీడలో గాలి తగిలేటట్లు పరచండి. వెంటనే నాటకండి, ఒక నెల విశ్రాంతి నివ్వండి. తరువాత లావువి, సన్నవి వేరుచేయండి. లావువి 30 సెంటీమీటర్ల వరుసలలో, 20 సెంటీమీటర్ల ఎడంతో, 5 సెంటీమీటర్ల లోతున నాటితే మూడు, మూడున్నర నెలలకు పూతకొస్తాయి. సన్నవాటిని వేరే మడిలో పెంచండి. అవి బలిశాక పనికొస్తాయి. నీరు నిలిచే చోట మాత్రం వద్దు, దుంప కుళ్ళుతుంది.

కొత్తగా వేసేవారు దండలకైతే ఒంటిరేకు రకాలు ఎన్నుకోండి. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారి శృంగార్, ప్రజ్వల్ అటువంటివే. పూలకుండీలలో పెట్టే కాడలకు ముద్దరకాలు మేలు.

ఈసారి ఎరువు బండి తోలే ముందు ఒక్క దుబ్బు పెకలించి చూడండి. లావు దుంపలెన్ని, గోళీలెన్ని లెక్కపెడితే ఏం చేయాలో మీకే తెలుస్తుంది.