లెక్కకు రాని పరుగు

పిల్లలూ! నేను నంద్యాలలో కాపురముంటున్న పాత హెడ్మాస్టరును. ఈమధ్య ఆళ్లగడ్డ వెళ్లి, అక్కడ పిల్లల ఆటలపోటీలు చూశాను. నూరు మీటర్ల పరుగులో ఒక కుర్రవాడు అందరికన్నా ముందు చేరాడు. కాని వేరెవరో ఈల మోగకముందే బయలుదేరారని పందెం మళ్లీ పెట్టారు. ఈసారి వాడు రెండోవాడయ్యాడు. ఇంకేముంది! అలిగి, వేపచెట్టు కింద మూతి ముడుచుకు కూర్చున్నాడు. నేను వాడి పక్కనే చతికిలబడి, విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి కథ చెప్పాను. మీరూ వినండి.

జ్యోతి 1999లో పుట్టింది. తండ్రిది కాపలా ఉద్యోగం. తల్లి ఇళ్లలో పనిచేసేది. పిల్ల మంచి పొడగరి. అది చూసి, బడిలో వ్యాయామం నేర్పే ఉపాధ్యాయుడు హర్డిల్స్ పరుగుకు పనికివస్తుందన్నాడు.

హర్డిల్స్ అంటే తెలుసునా? ఆడవాళ్ల పందెంలో 100 మీటర్ల బాటమీద 10 అడ్డుకర్రలుంటాయి. ఎత్తు సుమారు 84 సెంటీమీటర్లు. మీలో చిన్నవాళ్లకు రొమ్ముదాకా వస్తాయి! ఒక కర్రకూ మరో కర్రకూ నడుమ ఎనిమిదిన్నర మీటర్ల ఎడం. అందులో మూడే అంగలు వెయ్యాలి. పొడుగుకాళ్ల వాళ్లకు కర్ర దాటడం తేలికే గాని, అంగ కాస్త సాగిందా, ముందున్న కర్రకు మరీ దగ్గరైపోతారు. అంగను కుదించుకోవడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి.

ఈ పరుగులో భారతదేశపు రికార్డు 13.38 సెకండ్లు. 2002లో అనూరాధా బిస్వాల్ నెలకొల్పినది. 2020 జనవరిలో, కర్ణాటకలోని మూడబిదిరెలో జ్యోతి 13.03 సెకండ్లకే గమ్యం చేరింది. కాని రికార్డుకు తప్పనిసరి అయిన మందుల పరీక్ష అక్కడ జరగలేదు. అందుచేత ఆ పరుగు లెక్కకు రాలేదు. ఇందులో ఆమె తప్పేముంది, చెప్పండి!

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి గాలి చెరిచింది. ఎదురుగాలి అనుకునేరు, కాదు, సాయం చేసి చెరిచింది! గాలి వెనకనుంచి తోస్తే పరిగెత్తేవాళ్ల వేగం పెరుగుతుంది. అందుకని అది సెకండుకు 2 మీటర్లు మించితే రికార్డుగా ఒప్పుకోరు. ఆనాడు 2.1 ఉంది. ఎక్కువైనది జానెడు కూడా లేదు.

నెల తిరిగిందో లేదో, మే 10న సైప్రస్ దీవిలోని లిమసోల్‌లో మళ్లీ పరిగెత్తింది. 13.23! తమాషా చూశారా? వెనకటి రెండింటికన్నా ఇది నెమ్మదే. అయినా రికార్డు పుస్తకానికెక్కింది ఇదే. నన్నడిగితే, ఆమె పతకాలన్నింటికన్నా నాకీ 13.23 మీదే మక్కువ. తాను చేసినదానికన్నా తక్కువదాన్ని కళ్లకద్దుకుని మొదలుపెట్టడానికి ఎంత అణకువ కావాలి!

తరువాతి కథ త్వరగా చెబుతాను. 2023లో చైనాలోని చెంగ్డులో రికార్డును 12.78కి దించింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అక్కడ ఈ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయురాలు ఆమే. తొలి పరుగులో ఏడోదిగా వచ్చింది. మరుసటి ఏడు దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా బంగారు పతకం గెలిచింది.

కుర్రవాడు అంతా విని, "మరి ఆ 13.03 ఇప్పటికీ లెక్కలోకి రాలేదా, సార్?" అన్నాడు.

"రాలేదురా," అన్నాను.

వాడు కాసేపు పుల్లతో మట్టిలో గీతలు గీశాడు. అంతలో 200 మీటర్ల పరుగుకు పేర్లు పిలిచారు. లేచి, నిక్కరు దులుపుకుని, గీతదగ్గరికి పోయాడు.